టిచ్ బటన్ల కాన్పు గౌను: 11 గంటలు వేసుకున్నాక

కాన్పు కోసం ప్రత్యేకంగా ఒక గౌను కొనుక్కోవడం నాకు మొదట్లో ఆడంబరంగానే తోచింది. ఎలాగూ ఉమ్మనీటితో, రక్తంతో తడిసిపోయే బట్ట, పైగా ఒక్క పూట అవసరం, ఆసుపత్రి వారు ఎటూ ఒక గౌను ఇస్తారు. ఆ మాటే అనుకుంటూ ఎనిమిదో నెల దాకా వచ్చాను. ఆ నెలలో ఒక పరీక్షకు వెళ్లినప్పుడు వారిచ్చిన గౌను వేసుకుని, వెనక కట్టిన రెండు నాడాల మధ్య వీపు మొత్తం బయటపడుతూ ఉంటే, ఒక చేత్తో దాన్ని కూడదీసి పట్టుకుని వరండా పొడుగునా నడవవలసి వచ్చింది. నొప్పులు పడుతున్నప్పుడు కూడా ఒక చేయి వీపు వెనకే ఉండిపోతుందా అన్న బెంగతోనే, అంతకు మించిన ఉద్దేశం ఏదీ లేకుండా, ఈ గౌను తెప్పించుకున్నాను. 17 గంటల నొప్పుల్లో చివరి 11 గంటలు అదే నా ఒంటి మీద ఉంది. ఆ తర్వాత రెండు నెలలుగా ఉతికి ఆరవేసి మళ్లీ వేసుకుంటున్నాను కనుక, దాని మంచిచెడ్డలు రెండూ అనుభవం మీద చెప్పగలను.

ముందుగా గౌను స్వరూపం. మోకాలు దాటి నాలుగు వేళ్ల కిందికి వచ్చే పొడవు, పొట్టి చేతులు, ముదురు నీలం రంగు, సాగే అల్లిక బట్ట. భుజాల మీద మెడ నుంచి చేతి అంచు దాకా అటు నాలుగు, ఇటు నాలుగు టిచ్ బటన్లు ఉన్నాయి. వీపున మెడ నుంచి కింది అంచు దాకా ఒకే వరుసలో పది ఉన్నాయి. పొట్ట దగ్గర ఒక మడత మీద ఇంకో మడత పడేలా కుట్టిన అడ్డ చీలిక ఉంది. అందులో నుంచి చేయి సులభంగా దూరుతుంది, వదిలేస్తే దానంతట అదే మూసుకుంటుంది. కుడి పక్కన ఒక జేబు, దాని అడుగున వైరు బయటికి రావడానికి చిన్న రంధ్రం. అన్నీ ప్లాస్టిక్ బటన్లే. బొమ్మలో చూసినప్పుడు ఇన్ని బటన్లు ఎందుకు అనిపించింది, మెడ చుట్టూ ఉన్న లేసు మాత్రం ముచ్చటగా కనిపించింది. కాన్పు ముగిసేసరికి ఆ అభిప్రాయం తలకిందులైంది. బటన్లలో ఒక్కటి కూడా వృథా కాలేదు, లేసు మాత్రం గంటన్నరకే మెడను గీరడం మొదలుపెట్టింది.

కాన్పు బట్టలను అద్దం ముందు నిలబడి ఎంచుకోవడం కుదరదు. ఎవరి చేతులు, ఏ పరికరాలు ఒంటి మీద ఎక్కడెక్కడికి రావాలో ముందుగా లెక్క వేసుకుని, ఆ ప్రతిచోటా బట్ట తెరుచుకుంటుందా, తెరిచినప్పుడు మిగతా ఒళ్లు కప్పే ఉంటుందా అని చూసుకోవాలి. ఈ గౌనుకు నేను మార్కులు వేసింది ఆ లెక్క ప్రకారమే.

మొదట పొట్ట. బిడ్డ గుండె చప్పుడును, గర్భాశయం బిగుసుకోవడాన్ని నమోదు చేసే యంత్రానికి రెండు పట్టీలుంటాయి. ఒకటి పొట్ట పైభాగాన, రెండోది బిడ్డ గుండె బాగా వినిపించే చోట కడతారు. యంత్రాన్ని ఎప్పుడూ పెట్టి ఉంచకుండా విడతలుగా వినేటట్లయితే, నొప్పులు ఊపందుకున్న తర్వాత 15 నుంచి 30 నిమిషాలకు ఒకసారి, బిడ్డను బయటికి తోసే దశలో 5 నిమిషాలకు ఒకసారి వినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే 8 గంటలలో తక్కువలో తక్కువ 16 సార్లు, ఎక్కువైతే 32 సార్లు పొట్ట మీది బట్ట తొలగించవలసి వస్తుంది. మామూలు నైటీ అయితే ప్రతిసారీ కింది అంచును రొమ్ముల దాకా పైకి లాగాలి, దానితో నడుము కిందిదంతా బయటపడుతుంది. ఈ గౌనులో మాత్రం సిస్టర్ చీలికలో నుంచి చేయి పెట్టి విని వెళ్లిపోయేవారు. రెండో విడతలో నేను అలవాటుగా గౌను ఎత్తబోతే, ‘‘ఉండమ్మా, ఇక్కడే తెరుచుకుంటోందిగా, నువ్వు కదలొద్దు’’ అన్నారు. నొప్పి మధ్యలో ఉన్న మనిషికి ‘నువ్వు కదలొద్దు’ అన్న మాట ఎంత చల్లగా ఉంటుందో అనుభవించిన వారికి తెలుస్తుంది.

తర్వాత చేతులు. ఇక్కడే టిచ్ బటన్ల విలువ నాకు బోధపడింది. ఇంటి దగ్గర నుంచి నేను ముందు గుండీలున్న వదులు కాటన్ చొక్కాతో వెళ్లాను. ఆసుపత్రిలో చేరిన కాసేపటికే ముంజేతికి సూది అమర్చి సెలైన్ ఎక్కించారు. ఆ తర్వాత ఉమ్మనీరు పోయి చొక్కా తడిసింది. చొక్కా విప్పాలంటే గొట్టం అడ్డం. గొట్టం ఊడదీయకుండా, స్టాండుకు వేలాడుతున్న సెలైన్ సంచిని కిందికి దించి, చొక్కా చేతిలో నుంచి దాన్ని బయటికి లాగవలసి వచ్చింది. సెలైన్ సంచికి చొక్కా తొడిగి విప్పినట్లే అయింది. గౌను విషయంలో ఆ తతంగం ఏదీ లేదు. భుజం బటన్లు విప్పి, గౌనును ముందు నుంచి ఒంటికి ఆనించి, గొట్టానికి పైగా భుజాన్ని కప్పి బటన్లు నొక్కేశారు, అంతే. భుజం పూర్తిగా తెరుచుకోవడం కాన్పు గౌనుకు అలంకారం కాదు, అది లేకపోతే డబ్బు పెట్టి ప్రత్యేకంగా గౌను కొన్నందుకు ప్రయోజనమే లేదని నా అభిప్రాయం.

చేతి వెడల్పు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అమ్మేవారు దాని ఊసే ఎత్తరు. రక్తపోటు పట్టీని మోచేతికి పైన నేరుగా చర్మం మీద చుట్టాలి. నొప్పుల పొడుగునా దాన్ని మళ్లీ మళ్లీ చూస్తారు. గర్భం చివరి వారాల్లో నీరు చేరి చేతులు కూడా లావెక్కుతాయి. కొలతల పట్టిక మాత్రం గర్భానికి ముందు వేసుకునే సైజునే ఎంచుకోమంది, నేనూ అలాగే ఎంచుకున్నాను. పొట్ట దగ్గర చక్కగా సరిపోయింది గానీ చేతులు మాత్రం బిగుతుగా వచ్చాయి. పట్టీ చుట్టాలన్న ప్రతిసారీ కింది రెండు టిచ్ బటన్లు విప్పవలసి వచ్చింది. ఒక సైజు పెద్దది తీసుకుని ఉంటే సరిపోయేది. 36వ వారం ప్రాంతంలో పొట్ట చుట్టు కొలత, దండ చుట్టు కొలత రెండూ తీసుకుని కొనడమే మంచిది.

ఇక వీపు. నొప్పి తెలియకుండా నడుము దగ్గర ఇచ్చే మత్తుమందు, అంటే ఎపిడ్యూరల్, తీసుకోవాలని నేను ముందే నిర్ణయించుకోలేదు, పదో గంటకు మనసు మార్చుకున్నాను. మంచం అంచున కూర్చోబెట్టి, దిండును పొట్టకు హత్తుకుని ముందుకు వంగమంటారు. నడుము దగ్గర వెన్నుపూసల మధ్య సూది గుచ్చి, సన్నని గొట్టాన్ని లోపల ఉంచి, దాన్ని వీపు మీదుగా భుజం దాకా టేపుతో అంటిస్తారు. ఆ సమయానికి వీపు మొత్తం తెరిచి ఉండాలి, శుభ్రం చేసిన చోట బట్ట తగలకూడదు. పది బటన్లూ ఒక్క లాగుతో విడిపోయాయి. ముందు భాగం మాత్రం మెడ నుంచి మోకాలి దాకా కప్పే ఉంది. ఆసుపత్రి గౌను కూడా వెనక తెరుచుకుంటుంది కదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే, దాని చిక్కల్లా తెరుచుకోవడంలో లేదు, మూసుకోకపోవడంలో ఉంది. ఎపిడ్యూరల్‌కు ముందు నాలుగు గంటల పాటు నేను ఈ గౌనుతోనే అటూ ఇటూ నడిచాను, కిటికీ పట్టుకుని వంగి నిలబడ్డాను, కుర్చీలో తిరగేసి కూర్చున్నాను. ఒక్కసారి కూడా చేయి వీపు వైపు పోలేదు. కొన్నప్పుడు నేను ఆశించింది అంతే, ఆ ఒక్క పనిలో గౌను నన్ను పూర్తిగా ఆదుకుంది.

అయితే ఎపిడ్యూరల్ తర్వాత కాళ్లు బరువెక్కి మంచం మీదే ఉండిపోయినప్పుడు అవే బటన్లు పగ తీర్చుకున్నాయి. పక్కకు తిరిగి పడుకుంటే భుజం మీది నాలుగు బటన్లూ చర్మంలోకి దిగేవి. పక్క మార్చినప్పుడల్లా కిందికి వచ్చిన భుజం మీద గుండ్రని ఎర్రటి అచ్చులు పడ్డాయి. బటన్ల కింద మెత్తటి బట్టతో మరో మడత కుట్టి ఉంటే ఈ బాధ ఉండేది కాదు. వీపు బటన్ల కింద ఆ మడత ఉంది, భుజాల కింద లేదు. మిగుల్చుకున్నది జానెడు గుడ్డ, పోగొట్టుకున్నది గౌనుకున్న పేరు.

అన్నిటి కంటే పెద్ద లోపం పొడవు. మోకాలి కిందికి వచ్చే గౌను నిలబడినప్పుడు మర్యాదగా ఉంటుంది. నొప్పి తీవ్రమై చేతుల మీద, మోకాళ్ల మీద ఆనుకుని వంగినప్పుడు మాత్రం అంచు మోకాళ్ల కింద చిక్కుకుంటుంది. అప్పుడు ఒక్క అంగుళం ముందుకు జరిగినా గౌను మెడను కిందికి లాగుతుంది. మోకాళ్లు మడిచి గొంతుక్కూర్చుంటే అదే అంచు నేల మీది తడిలో నానుతుంది. చివరికి జుట్టుకు పెట్టుకున్న రబ్బరు బ్యాండు తీసి, పక్కన గౌనును ముడివేసి పైకి ఎత్తి కట్టుకున్నాను. వెనక భాగం కాస్త పొడవుగా, ముందు భాగం మోకాలికి పైన ఉండేలా కత్తిరిస్తే ఈ ఇబ్బంది తప్పుతుంది. అన్నిటికీ చీలికలు పెట్టిన వారు పక్కల్లో మాత్రం ఒక్క చీలిక కూడా పెట్టకపోవడం చూస్తే, ఈ గౌనును మంచం మీద వెల్లకిలా పడుకున్న మనిషిని ఊహించుకునే కుట్టారేమో అనిపిస్తుంది. నడవడం, కూర్చోవడం, వంగడం, తనకు నచ్చిన భంగిమ ఎంచుకోవడం కాన్పులో ప్రోత్సహించవలసినవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో వెలువరించిన సిఫారసులలో స్పష్టంగా ఉంది. గౌరవం, గోప్యత కాపాడుతూ చూసుకోవడం కూడా అందులోనే ఉంది. ఈ రెండు సిఫారసులూ చివరికి వచ్చి ఆగేది బట్ట దగ్గరే.

బట్ట నాణ్యత గురించి చెప్పేటప్పుడు ముందుగా ఒక ఫిర్యాదు. అమ్మకపు వివరణలో ‘మెత్తని కాటన్’ అని ఉంది. మెడ లోపల కుట్టిన చీటీ మీద మాత్రం 60 శాతం కాటన్, 40 శాతం పాలిస్టర్ అని ఉంది. తేడా చిన్నది కాదు. మామూలు గాలిలో కాటన్ తన బరువులో దాదాపు 8 శాతం తేమను పీల్చుకుని ఉంచుకోగలదు, పాలిస్టర్ అర శాతం కూడా పీల్చుకోదు. కాన్పులో, ముఖ్యంగా గర్భాశయ ముఖద్వారం పూర్తిగా తెరుచుకునే ముందు, ఒంట్లో సెగలు పుట్టి చెమట ధారగా కారుతుంది. ఆ సమయంలో ఈ గౌను వీపుకు అంటుకుపోయింది. న్యాయంగా చెప్పాలంటే, అచ్చమైన కాటన్ అయితే ఆ చెమటనంతా తాగి బరువెక్కి, ఆ తర్వాత చలి పుట్టించి ఉండేదేమో. ఈ బట్ట ఫ్యాను గాలికి త్వరగానే ఆరింది. సాగే అల్లిక కావడం వల్ల ఎటు వంగినా కుట్లు పిగలలేదు. నా మటుకు నేను మళ్లీ ఎంచుకుంటే, పాలిస్టర్ లేని పలుచని కాటన్ అల్లికనే ఎంచుకుంటాను. మల్లు గుడ్డ లాంటి నేత బట్ట ఇంకా చల్లగా ఉంటుంది గానీ సాగదు, కనుక అందులో రెండు సైజులు పెద్దది కావాలి.

బిడ్డ పుట్టిన క్షణానికి వస్తాను. తల్లీ బిడ్డా క్షేమంగా ఉంటే, పుట్టిన వెంటనే బిడ్డను తల్లి రొమ్ము మీద చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టి, మొదటి గంట సేపు ఆటంకం లేకుండా ఉంచాలన్నది నేడు ప్రపంచమంతటా ఆమోదించిన పద్ధతి. దానివల్ల బిడ్డ ఒళ్లు చల్లబడకుండా ఉంటుంది, పాలు పట్టడం త్వరగా మొదలవుతుంది. తల మీదుగా తొడుక్కునే గౌను అయితే అప్పుడు మెడ దగ్గర గుడ్డ కుప్పపడి బిడ్డ ముఖానికి అడ్డం వస్తుంది. భుజాల బటన్లు రెండు వైపులా విప్పేయగానే నా గౌను ముందు భాగం నడుము దాకా జారింది, తుడిచి పొడిగా చేసిన బిడ్డను నేరుగా నా మీద పడుకోబెట్టి పైన పొడి దుప్పటి కప్పారు. గౌను అంచుతోనే బిడ్డను కప్పబోయాను గానీ సిస్టర్ వారించారు. తడిసిన గుడ్డ బిడ్డ ఒంటి వేడిని లాగేస్తుంది కనుక కాన్పు గౌను ఎంత మెత్తగా ఉన్నా బిడ్డకు దుప్పటి కాదు. ఇంకొక గంటకు నాకు వణుకు పుట్టింది. కాన్పు తర్వాత అలా వణకడం చాలామందికి మామూలే. పొట్టి చేతుల పలుచని గౌను అప్పుడు ఏ మాత్రం అక్కరకు రాలేదు. ముందు తెరిచి ఉండే ఒక పొడవు చేతుల వదులు కోటు, జారని అడుగున్న మందపు మేజోళ్లు సంచిలో ఉంచుకోవడం అవసరం. మేజోళ్లు నా దగ్గర ఉన్నాయి, కోటు లేదు.

ఉతుకు విషయానికి వస్తే, ముదురు రంగు ఎంచుకోవడం ఒక్కటే నేను చేసిన తెలివైన పని. రక్తపు మరకను ముందుగా చన్నీటిలోనే నానబెట్టాలి. వేడి నీటిలో వేస్తే రక్తంలోని మాంసకృత్తులు గడ్డకట్టి దారాలను పట్టుకుంటాయి. అలా చేశాను కనుక మరకలు పోయాయి. మొదటి ఉతుకులో నీలం రంగు బాగా దిగింది, పొడవు ఒక అంగుళం కుంగింది. కుంగడం ఈ గౌనుకు మేలే చేసింది అనుకోండి. కాన్పుకు ముందే రెండుసార్లు ఉతికి ఉంచుకుంటే రంగు, కుంగుదల రెండూ అప్పుడే తేలిపోతాయి, కొత్త గుడ్డ గరుకుదనం కూడా పోతుంది.

దీనికి బదులు వేరేవి చాలవా అంటే, చాలామందికి చాలుతాయి. ముందు గుండీలున్న పాత పెద్ద చొక్కా ఇంటి దగ్గర గడిపే తొలి గంటలకు ఈ గౌను కంటే మేలు. గర్భాశయ ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకునే దాకా సాగే ఆ తొలి దశ ఎంతసేపు ఉంటుందో చెప్పడం కష్టం, అంతసేపూ టిచ్ బటన్లు మోయడం అనవసరం. సెలైన్, ఎపిడ్యూరల్ లేకుండా కాన్పు జరిగేవారికి చివరిదాకా చొక్కాయే సరిపోవచ్చు. ఆసుపత్రి గౌనును నేను ఎంత దెప్పినా, తడిసిన ప్రతిసారీ కొత్తది ఇస్తారు, ఉతికే బాధ మనకు లేదు, అది తీసిపారేయదగ్గ సౌకర్యం కాదు. నీటి తొట్టెలో నొప్పులు పడాలనుకునేవారికి ఏ గౌనూ పనికిరాదు, నీటిలో పైకి తేలి చుట్టుకుంటుంది. వారికి ఇనుప తీగ లేని, త్వరగా ఆరే బ్రా ఒక్కటి చాలు. సిజేరియన్‌కు తీసుకువెళితే ఎలాగూ ఆసుపత్రి గౌనే వేస్తారు. వీటన్నిటికీ ముందు, సొంత బట్టలు వేసుకోనిస్తారా అని కాన్పు జరిగే చోట ఒక మాట అడిగి తెలుసుకోవాలి. అడగకుండా కొంటే గౌను సంచిలోనే ఉండిపోవచ్చు.

లోదుస్తుల సంగతి కాన్పు తర్వాతది. కాన్పు అయ్యాక రక్తస్రావం తగ్గుతూ తగ్గుతూ ఆరు వారాల దాకా ఉండవచ్చు. నడుము పైదాకా వచ్చే, బిగించని, ముదురు రంగు కాటన్ లోదుస్తులు ఒక సైజు పెద్దవి అరడజను ఉంటే కుట్లున్నవారికి, లేనివారికి కూడా సరిపోతాయి. పాలిచ్చే బ్రాలు మాత్రం ముందుగా ఎక్కువ కొనవద్దు. పాలు పడే మూడు నాలుగు రోజులకు కొలత మారిపోతుంది.

రెండు నెలల తర్వాత గౌను పరిస్థితి ఇది. బట్ట చెక్కుచెదరలేదు, వీపు బటన్లలో రెండు ఊడిపోతే దర్జీ చేత వేయించాను, లేసును నేనే కత్తెరతో తీసేశాను. భుజం బటన్లు రాత్రిపూట పాలివ్వడానికి ఎంత వీలుగా ఉన్నాయంటే, కాన్పు కంటే దీనికే ఎక్కువ పనికొచ్చిందని చెప్పవచ్చు. అయిదు మార్కులకు మూడున్నర ఇస్తాను. పొడవుకు ఒకటి, భుజాల కింద మడత వేయనందుకు, బట్ట గురించి అబద్ధమాడినందుకు కలిపి అర తగ్గించాను. ఇదే గౌను కొనేవారు అది ఇంటికి రాగానే వేసుకుని, ముందుగా మోకాళ్ల మీద వంగి నాలుగడుగులు పాకి చూడండి, తర్వాత పక్కకు తిరిగి పది నిమిషాలు పడుకోండి. మెడ లాగినా, భుజం నొక్కినా, చీటీ తెంచకముందే తిప్పి పంపించండి.